కాలవలో నీళ్ళున్నా తూము తీసేవాడు కావాలి

కాలేజీ అయిన కొత్తలో రాజమండ్రిలో ఒక చిన్న ట్రస్టుకి జింబ్రా మెయిల్ సర్వర్ పెట్టిచ్చాను. మెయిలు, క్యాలెండరు, అడ్రస్ బుక్ అన్నీ ఫ్రీ. "ఎప్పటికీ ఫ్రీయేనా బాబూ?" అని సెక్రటరీ గారు అడిగితే, "ఓపెన్ సోర్సండి" అన్నాను ధీమాగా.

జింబ్రా చరిత్ర అప్పుడే చదివుంటే అంత ధీమా ఉండేది కాదు. 2007లో యాహూ 35 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2010లో వీఎంవేర్‌కి, 2013లో టెలిజెంట్‌కి, 2015లో సినాకోర్‌కి అమ్ముడుపోయింది. 2020లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి సోర్స్ కోడ్ మాత్రమే ఇచ్చి, ఉచిత ఇన్‌స్టాలర్ ఆపేశారు. పాత 8.8.15కి సపోర్టు 2023తో అయిపోయింది. కోడ్ ఉంది సరే, బిల్డ్ చేసుకునేవాళ్ళు ట్రస్టులో ఎవరు?

ఇప్పుడు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్‌లకి మార్చి, అక్కడి కుర్రాడికి బ్యాకప్ తీయడం నేర్పుతున్నాను. ఆ పని మొదటిరోజే చెయ్యాల్సింది. ఏమంటారు?