కాలువకు నీళ్లొచ్చిన రోజు

1880ల నాటి బెజవాడ. జ్యేష్ఠ మాసం. మరమ్మతుల కోసం వేసవిలో కట్టేసిన బందరు కాలువలో పడవలు బురద మీద ఒరిగి ఉన్నాయి.

తండేలు తన పడవ అతుకుల్లో పీచు దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. చిరిగిన తెరచాపకు మాసికలు వేశాడు. ఇక రావాల్సింది నీళ్లే.

"ఏటికి కొత్త నీరొచ్చింది మావా! రేపు తూములెత్తుతారంట" అంటూ మేనల్లుడు పరుగున వచ్చాడు.

"ఎత్తనీరా. ముందు పడవ తడవాలి. ఆ తర్వాతే బరువు."

మర్నాడు నీళ్లు పడవను లేపాయి. లేపీ లేపగానే ఎండకు ఎండిన పలకల సందుల్లోంచి ఊట మొదలైంది. కుర్రాడు కంగారుపడ్డాడు. కొయ్య నీళ్లు తాగి ఉబ్బితే అతుకులు వాటంతటవే బిగుస్తాయని తండేలుకు తెలుసు. రాత్రంతా వంతులేసుకుని నీళ్లు తోడిపోశారు. తెల్లారేసరికి ఊట కట్టింది. అప్పుడు ఎక్కించారు ధాన్యం బస్తాలు.

యనమలకుదురు లాకుల్లోకి పడవ చేరగానే వెనక తలుపులు మూతపడ్డాయి. ముందు తలుపుల కింది కంతలు తెరిచారు. రాతిగోడల మధ్య నీళ్లు మెల్లగా దిగుతుంటే పడవా దిగింది. మట్టం కింది కాలువతో సమానం కాగానే దారి తెరుచుకుంది.

లాకులు దాటాక పడమటి గాలి అందుకుంది. "చాప ఎత్తరా!" అన్నాడు తండేలు. మాసికల గుడ్డ రెండుసార్లు టపటపా కొట్టుకుని ఒక్కసారిగా పొంగింది. చుక్కాని పట్టిన చేతికి ఆ బలం తెలిసింది. గట్టున తాడు పట్టి పడవను లాగే మనిషి కూడా ఎక్కి కూర్చున్నాడు. వాలుకు పోయేటప్పుడే అతనికి ఆ సుఖం. బందరు నుంచి ఉప్పుతో ఎదురొచ్చేటప్పుడు ఆ తాడు మళ్లీ భుజానికెత్తుకోవాల్సిందే.

ఆ రోజుల్లో ఏటా జ్యేష్ఠంలో డెల్టా కాలువల మీద ఎన్నో పడవలు ఇలాగే కదిలాయి. రైతుకు ఏరువాక, పడవవాడికి తొలి ప్రయాణం. ఇద్దరికీ నీరు ఒక్కటే. అది అనుకోకుండా కలిసొచ్చింది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలను సాగుకూ, సరుకు రవాణాకూ కలిపే తీర్చిదిద్దారు. రైళ్ల కన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలని కాటన్ చివరిదాకా వాదించాడు. కొమ్మమూరు కాలువ, దాని కొసన బకింగ్‌హాం కాలువ మీదుగా పడవలు మద్రాసుదాకా వెళ్లేవి.

1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. తర్వాత లారీలొచ్చాయి. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సాగునీరు ఆగలేదు, పడవలే ఆగిపోయాయి. 2008లో కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అయినా కాలువలకు నీళ్లొదిలేటప్పుడు ఎకరాల లెక్కే తప్ప పడవల ఊసు మనకు రావడం లేదు.

పూడిక తీసి, లాకులు బాగుచేసి, చెత్త వేయడం మానితే ఈ నీరు ఇప్పటికీ పడవను మోయగలదు. రైతుకిచ్చిన మాట కాలువ నిలబెట్టుకుంటోంది. పడవవాడికిచ్చిన మాట నిలబెట్టాల్సింది మనం.