ఏడుగురెక్కిన రెండు సీట్ల విమానం

మా ఇంట్లో డైనింగ్ టేబులు రెండు నెలలుగా భోజనాలకి పనికిరావట్లేదు. దాని మీద ఓ సెస్నా బర్డ్ డాగ్ ఉంది. అసలుది కాదు లెండి, 1/32 స్కేలు ప్లాస్టిక్ కిట్టు. ఉక్రెయిన్‌లో రోడెన్ అనే కంపెనీ వాళ్ళు చేసింది. రెక్కల ఈ చివర్నుంచి ఆ చివరికి 34 సెంటీమీటర్లు. అసలు విమానమే 36 అడుగులు, అంచేత మరీ పెద్దదేం కాదు.

మోడళ్ళు కట్టేవాళ్ళు మామూలుగా ఏ స్పిట్‌ఫైరో, మిగ్-21నో ఎంచుకుంటారు. ఈ బర్డ్ డాగ్ చూడ్డానికి ఫ్లయింగ్ క్లబ్బు విమానంలా ఉంటుంది. నిజానికి దాని పుట్టుకా అదే. అమెరికన్ సైన్యానికి పైనుంచి శత్రువు కదలికలు చూసే చిన్న విమానం కావాల్సొస్తే, సెస్నా వాళ్ళు తమ నాలుగు సీట్ల 170 మోడల్ని తీసుకుని, ఒళ్ళు సన్నబరిచి, ఒకరి వెనక ఒకరు కూర్చునేలా రెండు సీట్లు పెట్టి, చుట్టూ అద్దాలు బిగించి ఇచ్చారు. (పాత కోడుకి కొత్త పేరు పెట్టి క్లయింటుకిచ్చినట్టన్నమాట. మనకి తెలియని విద్యా!) 213 గుర్రాల ఇంజను. 1949లో మొదటిసారి ఎగిరింది, ఆ తరవాత మూడు వేల నాలుగొందల పైచిలుకు తయారయ్యాయి. వియత్నాంలో దీని పని చెట్ల మీదుగా నెమ్మదిగా తిరుగుతూ, పొగ రాకెట్టుతో గుర్తు పెట్టి, బాంబు ఎక్కడెయ్యాలో జెట్లకి చూపించడం.

ఆ అద్దాల వల్లే మోడలు కట్టేవాడికి తిప్పలు. జెట్ ఫైటరైతే లోపల సగం పని ఎగ్గొట్టినా ఎవరికీ తెలీదు. ఇందులో అన్నీ బట్టబయలే. సీటు బెల్టులు సిగరెట్ పెట్టెలో ఉండే రేకుని సన్నగా కత్తిరించి చేశాను (నేను తాగను, ఆఫీసులో పక్క సీటు మిత్రుడి దానం). ముందు సీటు అయిపోయింది, వెనక సీటు దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే నేను కడుతున్నది ఏదో ఒక బర్డ్ డాగ్ కాదు. 1975 ఏప్రిల్ 29న దక్షిణ వియత్నాం వాయుసేన మేజర్ బువాంగ్-లీ నడిపినది.

మర్నాడు సైగాన్ పడిపోయింది. ఆ ముందురోజు ఆయన కాన్ సాన్ దీవిలో భార్యనీ, ఐదుగురు పిల్లల్నీ ఇందులో ఎక్కించుకుని సముద్రం మీదికి ఎగిరిపోయాడు. ఎక్కడికో తెలీదు. ఓడలవైపు పోతున్న హెలికాప్టర్లు కనిపిస్తే వాటి వెంట పడ్డాడు. అలా మిడ్‌వే అనే అమెరికన్ విమానవాహక నౌక కనబడింది. డెక్ నిండా సైగాన్ నుంచి జనాన్ని తెచ్చిన హెలికాప్టర్లు. రేడియోలో మాట కలవలేదు. చక్కర్లు కొడుతూ చీటీ రాసి కిందికి పడేస్తే గాలికి సముద్రంలోకి పోయింది. చివరికి ఒక చీటీ పిస్తోలు ఒరలో పెట్టి విసిరితే డెక్ మీద పడింది. దిగుతాను, దారివ్వండి, ఇంకో గంట ఎగరగలను, భార్యా ఐదుగురు పిల్లలూ ఉన్నారు అని దాని సారాంశం.

నేను ఇక్కడ కాయితం, పెన్సిలు తీసుకున్నా. ఖాళీ విమానం 730 కిలోలు, మోయగలిగింది దాదాపు 1,100. పెద్దవాళ్ళిద్దరు, ఐదుగురు చిన్నపిల్లలు కలిపి మహా అయితే రెండొందల కిలోలు. నిండుగా పెట్రోలు ఇంకో 110. బరువు సరిపోతోంది! అసలు ఇబ్బంది చోటుతో, తూకంతో. ఆ బరువులో ఎక్కువ భాగం వెనకే ఉంటే ముక్కు పైకి లేస్తూ ఉంటుంది, స్టిక్కు ముందుకి తోసి పట్టుకుని ఎగరాలి. స్కూలు ఆటోలో పిల్లల్ని కుక్కడం మనకి అలవాటే గానీ, ఆ ఆటోకి సముద్రం మీద ఎగిరే పని లేదు.

ఓడ పక్కన నీళ్ళలో దిగమని చెప్పొచ్చు. కానీ చక్రాలు ముడుచుకోని విమానం నీళ్ళని తాకగానే పల్టీ కొడుతుంది. దుర్భిణీల్లో చూసినవాళ్ళకి లోపల ఇద్దరికన్నా ఎక్కువమంది కనిపించారు (ఆ అద్దాల పుణ్యమేనేమో). కెప్టెన్ లారెన్స్ చేంబర్స్ ఆ ఓడ పగ్గాలు తీసుకుని రెండు నెలలైనా కాలేదు. కొన్ని హెలికాప్టర్లని సముద్రంలోకి తోసెయ్యమన్నాడు. వాటి విలువ కోటి డాలర్లని అంచనా. కోర్టు మార్షల్ తప్పదనుకున్నానని ఆయనే తరవాత చెప్పాడు. అది జరగలేదు, రియర్ అడ్మిరల్ కూడా అయ్యాడు.

విమానాల్ని ఆపే తీగలు కూడా తీసేయించాడు. ఈ విమానానికి వాటిని పట్టుకునే కొక్కెం లేదు, పైగా చక్రం తట్టుకుంటే బోర్లా పడుతుంది. ఇహ వేగం సంగతి. బర్డ్ డాగ్ గాల్లో నిలబడాలంటే 47 నాట్లు ఉండాలి. 60తో దిగిందనుకోండి, ఓడ ఎదురుగాలిలోకి పరిగెడుతుంటే డెక్ మీద 40 నాట్ల గాలి. అంటే డెక్ లెక్కన 20 నాట్లే, మన స్కూటర్ వేగం. చదివేటప్పుడు అద్భుతం అనిపించింది గానీ, లెక్క వేశాక అర్థమైంది: ఆ వేగాన్ని ఆ ఇద్దరూ కలిసి తయారు చేసుకున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండానే. ఒకసారి ఎగిరిపడి ఆగింది. నావికులు పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నారు. తరవాత ఆ కుటుంబం కోసం చందాలు కూడా వేసుకున్నారు.

ఆ విమానం ఇప్పుడు ఫ్లోరిడాలో పెన్సకోలా నౌకాదళ మ్యూజియంలో ఉంది. నా దానికీ అదే లేత బూడిద రంగు వేశాను. ఫ్లాపులు పూర్తిగా దించి అతికించాను. రెక్కల కింద రాకెట్లు పెట్టలేదు.

వెనక సీటులో ఎవర్ని పెట్టాలో తేలక మా అమ్మాయిని అడిగా. అది మైనంతో ఆరు బొమ్మలు చేసింది. 1/32లో మూడడుగుల పిల్లాడు మూడు సెంటీమీటర్లు కూడా ఉండడు. అమ్మ కూర్చుంది, అటొకరు ఇటొకరు, ఒకరు సీటు వెనక. ఇంక చోటు లేదు.

"ఇంకా ఇద్దరున్నారే!" అన్నా.

"చిన్నదాన్ని అమ్మ ఒళ్ళో పెట్టు నాన్నా" అంది. ఆగి, "వీణ్ణి అడ్డంగా తొయ్యి" అంది.

ఇవాళ పొద్దున పైకప్పు అద్దం అతికించేశాను. ఆదివారానికల్లా టేబులు ఖాళీ చేస్తానని మా ఆవిడకి మాటిచ్చా.