సిపాయి వైకల్యము – వైద్యుల బోర్డు తీర్పు

1756లో క్లైవు వెంట చెన్నపట్టణమున ఓడనెక్కి బంగాళమునకు వెళ్ళిన దేశీయ సిపాయిలలో తెలుగువారును ఉండిరి. అటుపిమ్మట ఉత్తరదేశమున సిపాయి అనిన ‘తిలంగా’ అను వాడుక ఏర్పడినది. కొలువునకు మన పేరే పేరయినది! పశ్చిమ గోదావరిలోని మాధవరమును నేటికిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. తిరువూరునకు అట్టి ప్రసిద్ధి లేదు. అయినను, ఆరోగ్యము చెడి పటాలము వీడి వచ్చిన సిపాయి ఏ ఊరివాడైనను వాని చిక్కు ఒక్కటియే.

సిపాయిని విడుదల చేయునపుడు వైద్యుల బోర్డు రెండు సంగతులు తేల్చవలెను. వైకల్యము నూటికి ఎంత? అది కొలువు వలన కలిగినదా, లేక కొలువు వలన ముదిరినదా? 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలో 173వది వైకల్యము నూటికి 20కి తగ్గరాదనెను. కావున 19కిని 20కిని నడుమ భేదము ఒక్కటి కాదు. ఒక కుటుంబపు జీవనము. రెండవ ప్రశ్నకు బోర్డు ‘కాదు’ అని వ్రాసినచో 20 ఉండియు ఫలము లేదు. ఎందుకు కాదో వ్రాయకయే ఆ మాట వ్రాయుట మాత్రము తరచుగా జరిగినది.

ధరమ్‌వీర్ సింగ్ అను సిగ్నల్స్ దళపు సిపాయికి జరిగినదదియే. 1985లో వైద్యపరీక్షలో నెగ్గియే సైన్యమున చేరెను. మూర్ఛవ్యాధి కారణముగ 1994 ఏప్రిలు 1న పంపివేసిరి. బోర్డు వైకల్యము నూటికి 20 అనెను. అది శరీరతత్త్వము వలన వచ్చినదే గాని కొలువు వలన కాదనెను. పింఛను లేదు. హైకోర్టులో ఏకన్యాయమూర్తి ఎదుట గెలిచెను, డివిజన్ బెంచి ఎదుట ఓడెను. తుదకు 2013 జూలై 2న సుప్రీంకోర్టు అతని పక్షము తీర్పు చెప్పినది. చేరునాడు ఏ రోగమును నమోదు కాకున్నచో ఆరోగ్యవంతుడనియే భావింపవలెను; రోగము అప్పటికే యున్నదనువారే కారణము చూపవలెను; కారణము వ్రాయని బోర్డు అభిప్రాయము చాలదు. పందొమ్మిదేండ్లకు దక్కిన న్యాయమిది! సిపాయి సైన్యమును అడుగుట కాదు, సైన్యమే సిపాయికి సమాధానము చెప్పవలెననుట ఇందలి సారమని మాకు తోచును. మరుసటి యేట సుఖ్‌విందర్ సింగ్ వ్యాజ్యమున, రోగమునకై కొలువు నుండి తొలగింపబడినవాని వైకల్యము 20కి మించినదనియే తలంపవలెనని అదే న్యాయస్థానము పలికినది.

2007 నాటి చట్టము వలన 2009 ఆగస్టులో సైనిక ట్రిబ్యునలు పని ప్రారంభించినది. అంతకు పూర్వము హైకోర్టే గతి. ఇప్పుడు తిరువూరు సిపాయి మొదటి అప్పీలును, అదియు త్రోసివేయబడినచో రెండవ అప్పీలును సైనికాధికారులకే పంపుకొనును. అచ్చటను కాకున్న చెన్నై బెంచికి పోవును. ఆ బెంచి కోరినచో వానిని మరల బోర్డు ఎదుట పరీక్షింపజేయును. 2023 సెప్టెంబరు 21 తరువాత విడుదలైనవారికి వేరు నిబంధనలు వచ్చినవి.

ఏ దారిని పోయినను ముందుగా చేతనుండవలసినవి రెండు కాగితములు: విడుదలనాటి బోర్డు నివేదిక నకలు, చేరిననాటి వైద్యపత్రము. రెండవదానిలో రోగముల గడి ఖాళీగా నున్నదా లేదా అని మొట్టమొదట చూడవలెను.