మెదడు పొరకు కరిగిపోయే అతుకు: తలలో పెట్టే ముందు ఏమేం పరీక్షిస్తారు?

ఆత్మకూరు: బైక్ మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలితే మన దగ్గర నుంచి నందికొట్కూరు మీదుగా కర్నూలుకు పరుగు తీయాల్సిందే. మెదడు ఆపరేషన్ అన్నప్పుడు డాక్టర్ల నోట 'డ్యూరా ప్యాచ్' అనే మాట వినిపిస్తుంది. తర్వాత అది దానంతటదే కరిగిపోతుందని కూడా చెబుతారు. కరిగి ఎక్కడికి పోతుంది? మెదడుకు హాని చేయదా? ఇంటివాళ్లకు వచ్చే ఈ అనుమానం సరైనదే.

డ్యూరా అంటే ఏంటి?

మెదడు చుట్టూ మూడు పొరలుంటాయి. పుర్రెను ఆనుకుని ఉండే మందమైన బయటి పొరే డ్యూరా మేటర్. లాటిన్‌లో 'గట్టి తల్లి' అని అర్థం. ఈ పేరు అరబ్బీ నుంచి వచ్చింది. అప్పటి హకీములు ఈ పొరలను 'ఉమ్ముద్దిమాగ్', అంటే మెదడు తల్లి అనేవారు. 10వ శతాబ్దపు హకీమ్ అలీ ఇబ్న్ అబ్బాస్ అల్ మజూసీ గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లినప్పుడు పేరు కూడా వెళ్లింది.

మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి కారకుండా కాపాడేది ఈ పొరే. పెద్దవాళ్లలో ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. పొర చిరిగినా, గడ్డతో పాటు కొంత కోసి తీసేసినా అతుకు వేయాలి. నీరు కారితే మెనింజైటిస్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇంత జాగ్రత్త ఎందుకు?

ఒకప్పుడు చనిపోయినవారి డ్యూరాను శుద్ధి చేసి వాడేవారు. జర్మనీలో తయారైన 'లయోడ్యూరా' అలాంటిదే. దాని ద్వారా సీజేడీ అనే ప్రాణాంతక మెదడు జబ్బు సోకిన కేసు 1987లో అమెరికాలో బయటపడింది. తర్వాత ఒక్క జపాన్‌లోనే 140కి పైగా కేసులు తేలాయి. కొందరిలో ఆపరేషన్ అయిన ఇరవై ఏళ్లకు గానీ జబ్బు కనిపించలేదు. 1997లో జపాన్ దాని వాడకాన్ని ఆపేసింది. పెట్టిన రోజు బాగానే ఉందంటే సరిపోదని ఆ అనుభవం నేర్పింది.

ఇప్పుడు రోగి సొంత కణజాలం, పశువుల కొలాజెన్, సింథటిక్ అతుకులు వాడుతున్నారు. కరిగే సింథటిక్ రకాల్లో పాలీలాక్టిక్ యాసిడ్ లాంటి పాలిమర్లు ఉంటాయి.

పరీక్షలు ఇవీ

ఐఎస్ఓ 10993 ప్రమాణాల ప్రకారం పరీక్షలు చేస్తారు. అతుకును ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచిన కణాలకు తగిలిస్తారు. 30 శాతానికి మించి కణాల చురుకుదనం తగ్గితే విషప్రభావం ఉన్నట్టు లెక్క. అలర్జీ, జ్వరం తెప్పించే గుణం, జన్యువులకు హాని, స్టెరిలైజ్ చేసిన గ్యాస్ మిగిలిందా అన్నవీ చూస్తారు.

కరిగే అతుకుకు అసలు పరీక్ష ఆ తర్వాతే. పాలీలాక్టిక్ యాసిడ్ విరిగితే లాక్టిక్ యాసిడ్ వస్తుంది. అది నెమ్మదిగా వస్తే శరీరం ఖర్చు చేసేస్తుంది. ఒకేసారి ఎక్కువ వస్తే అక్కడ వాపు రావొచ్చు. అందుకే జంతువుల్లో అమర్చి మొదట్లో, కరిగే మధ్యలో, దాదాపు పూర్తిగా కరిగాక, ఇలా మూడు దశల్లోనూ మెదడు కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. సొంత పొర పెరగకముందే అతుకు కరిగిపోయినా కష్టమే, నీరు కారుతుంది. ఉబ్బితే మెదడును నొక్కుతుంది. కుట్టు దగ్గర చిరుగుతుందా అన్నదీ ముఖ్యమే.

మన దేశంలో రూల్

2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం మెదడును నేరుగా తాకుతూ లోపలే ఉండిపోయేవి, శరీరంలో కరిగిపోయేవి అత్యధిక ప్రమాద తరగతి 'డి' కిందికి వస్తాయి. వీటికి లైసెన్స్ కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ ఇవ్వాలి.

మీరు అడగాల్సినవి

అతుకు దేనితో చేసింది? పశువుదైతే ఏ పశువు? కొన్ని రకాలు పంది నుంచి కూడా వస్తాయి కాబట్టి వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. ప్యాకెట్ మీది లేబుల్ నంబర్ కేస్ షీట్‌లో ఎక్కించారా? ఆ కాగితం జెరాక్స్ దాచుకోండి. ఏళ్ల తర్వాత సమస్య వస్తే అదే ఆధారం.

ఆపరేషన్ తర్వాత జ్వరం, మెడ పట్టేయడం, ముక్కులోంచి గానీ గాయంలోంచి గానీ నీరు కారడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పరికరం వల్లే ఇబ్బంది అనిపిస్తే మెటీరియోవిజిలెన్స్ టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024కు ఫిర్యాదు చేయొచ్చు.