హ్యూగోటన్: ఒక కౌంటీ కేంద్రం కథ

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి నైరుతి మూలన, ఓక్లహోమా సరిహద్దును ఆనుకుని స్టీవెన్స్ కౌంటీ ఉంది. దాని కేంద్రం హ్యూగోటన్. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా సుమారు 3,700. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో చనిపోయిన 1885లోనే ఈ ఊరు పుట్టింది. ఆయన పేరే పెట్టుకుంది కూడా. పక్కనున్న కొలరాడో రాష్ట్రంలో అప్పటికే ఒక హ్యూగో ఉండడంతో, తికమక లేకుండా చివర ‘టన్’ తగిలించారు. ‘బీదలపాట్లు’ సినిమాకు మూలకథ ఇచ్చిన రచయిత పేరు ఈ గడ్డినేలకు ఎక్కడం చిత్రమే. అయితే ఊరి తొలి ఆరేళ్లలో సాహిత్యం ఊసు తక్కువ, తుపాకుల మోత ఎక్కువ.

కౌంటీ అంటే దాదాపు జిల్లా వంటిది, కాకపోతే విస్తీర్ణంలో చాలా చిన్నది. కాన్సాస్ ఒక్కదానిలోనే 105 కౌంటీలున్నాయి. కోర్టు, భూముల రిజిస్ట్రేషన్, పన్నుల వసూలు, షెరీఫ్ కార్యాలయం అన్నీ కౌంటీ కేంద్రంలోనే. ఆ కాలంలో పని మీద వచ్చే రైతు బండి కట్టుకుని పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరాల్సి ఉండేది. అతనితో పాటే వకీళ్లు, హోటళ్లు, అంగళ్లు, కోర్టు ప్రకటనలు అచ్చువేసుకుని బతికే పత్రికలు వచ్చేవి. 1880లలో పశ్చిమ కాన్సాస్‌లో ఊళ్లు కట్టడమే ఒక వ్యాపారం. కొందరు కలిసి కంపెనీ పెట్టి, ఖాళీ నేల సంపాదించి, వీధులు గీసి, ప్లాట్లు అమ్మేవారు. కౌంటీ కేంద్రం దక్కిందా, ప్లాటు ధర ఆకాశానికి. తప్పిపోయిందా, అది మళ్లీ గడ్డినేలే. అందుకే ఆ రోజుల్లో పశ్చిమ కాన్సాస్‌లో కౌంటీ కేంద్రాల కోసం ఊళ్లూ ఊళ్లూ కొట్టుకున్నాయి. సిమరాన్, ఇంగల్స్ ఊళ్ల మధ్య 1889 జనవరిలో వీధిలోనే కాల్పులు జరిగాయి. వీటన్నిటిలో మరీ క్రూరమైనది స్టీవెన్స్ కౌంటీ పోరు.

హ్యూగోటన్‌కు ప్రత్యర్థిగా, ఈశాన్యాన కొద్ది మైళ్ల దూరంలో వుడ్స్‌డేల్ వెలిసింది. దాన్ని స్థాపించిన శామ్యూల్ వుడ్ సామాన్యుడు కాడు. కాన్సాస్‌లో బానిసత్వం అడుగుపెట్టకుండా పోరాడినవారిలో ఒకడు. స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వాలని 1867లోనే రాష్ట్రంలో ఉద్యమం నడిపినవాడు. కౌంటీ ఏర్పాటుకు చూపించిన జనాభా లెక్క దొంగ లెక్క అన్నది హ్యూగోటన్ మీద అతని ఆరోపణ. 1886లో ఆ వ్యవహారం మీద పోరాడుతుండగా హ్యూగోటన్ మనుషులు అతన్నీ, అతని సహచరుణ్ణీ పట్టుకుని దక్షిణంగా, సరిహద్దు దాటించి తీసుకుపోయారు. వుడ్స్‌డేల్ వాళ్లు వెంటపడి విడిపించుకున్నారు.

వాళ్లను తీసుకుపోయిన చోటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. టెక్సాస్ బానిస రాష్ట్రం కావడంతో, బానిసత్వం చెల్లని 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైనున్న నేలను 1850లో వదులుకుంది. తర్వాత కాన్సాస్ దక్షిణపు హద్దును 37వ అక్షాంశం దగ్గర గీశారు. ఈ రెండు గీతల నడుమ సుమారు 167 మైళ్ల పొడవు, 34 మైళ్ల వెడల్పున ఒక పట్టీ ఏ రాష్ట్రానికీ చెందకుండా మిగిలిపోయింది. 1890లో ఓక్లహోమా టెరిటరీలో కలిసేముందు చాలా ఏళ్లు అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, పన్ను లేదు. జనం దాన్ని ‘ఎవరిదీ కాని నేల’ అన్నారు. స్టీవెన్స్ కౌంటీ గుమ్మం దిగితే అదే.

1888 నాటికి గొడవ రైలు మార్గం కోసం తీసే బాండ్ల మీదికి మళ్లింది. హ్యూగోటన్ మార్షల్ (ఊరి పోలీసు అధికారి) శామ్ రాబిన్సన్ మీద వుడ్స్‌డేల్ మార్షల్ ఎడ్ షార్ట్ వారెంటు పట్టుకుని తిరుగుతున్నాడు. రాబిన్సన్ విహారానికి ఆ పట్టీలోకి వెళ్లాడని తెలిసి షార్ట్ వెంటాడాడు, సాయం పంపమని ఊరికి కబురు చేశాడు. వుడ్స్‌డేల్ పక్షపు షెరీఫ్ జాన్ క్రాస్ నలుగురు కుర్రాళ్లతో బయలుదేరాడు. అక్కడికి చేరేసరికి ఇద్దరూ కనిపించలేదు. అలిసిపోయి, ఎండిన సరస్సు పక్కన గడ్డి కోసేవాళ్ల మకాం దగ్గర పడుకున్నారు. అది జూలై 25 రాత్రి. హ్యూగోటన్ మనుషులను వెంటబెట్టుకుని వచ్చిన రాబిన్సన్ బృందం వాళ్ల ఆయుధాలు లాక్కుని, ఒక్కొక్కర్నీ కాల్చింది. క్రాస్‌తో సహా నలుగురు పోయారు. తూటా తగిలిన హెర్బర్ట్ టానీ అనే కుర్రాడు చచ్చినట్టు కదలకుండా పడి ఉండి బతికాడు. తర్వాత కేసంతా అతని సాక్ష్యం మీదే నిలిచింది.

నాలుగు హత్యలు, అదీ ఏ కోర్టు పరిధిలోకీ రాని నేలపైన. 1889లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ పట్టీని తూర్పు టెక్సాస్ ఫెడరల్ కోర్టుకు అప్పగించింది. 1890లో ఎక్కడో వందల మైళ్ల దూరాన టెక్సాస్‌లోని పారిస్ పట్టణంలో విచారణ జరిగింది. ఆరుగురికి ఉరిశిక్ష పడింది. 1891లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ విచారణ జరగలేదు. రాబిన్సన్ వేరే నేరానికి కొలరాడోలో జైలుపాలయ్యాడు కానీ ఈ హత్యలకు ఎవరికీ శిక్ష అమలు కాలేదు. అదే 1891లో జూన్ 23న వుడ్ పని మీద హ్యూగోటన్ వచ్చాడు. అప్పట్లో ఊళ్లో చర్చినే కోర్టుగా వాడేవారు. దాని బయట, భార్య చూస్తుండగానే జేమ్స్ బ్రెన్నన్ అనేవాడు అతన్ని కాల్చి చంపాడు. ఈ పక్షమో ఆ పక్షమో కాని జ్యూరీ కౌంటీలో దొరక్క ఆ కేసూ మూలపడింది.

ఇంత చేసి గెలుచుకున్న కౌంటీలో మనుషులు నిలవలేదు. కరవులకు తోడు 1893 ఆర్థిక మాంద్యం మీద పడింది. 1890లో 1,418గా ఉన్న కౌంటీ జనాభా 1900 నాటికి 620కి పడిపోయింది. ఊరు ఖాళీ కాకుండా మిగిలిందంటే కోర్టు అక్కడే ఉండడం వల్లనే అనుకోవాలి. అందరూ కలలుగన్న రైలు 1913లో గానీ రాలేదు.

అసలు సంపద పాతాళంలో ఉంది. 1927లో హ్యూగోటన్ నైరుతిన తవ్విన బావిలో, సుమారు 2,600 అడుగుల లోతున సహజవాయువు పడింది. కాన్సాస్, ఓక్లహోమా, టెక్సాస్‌లకు పరచుకున్న ఆ నిక్షేపానికి ఊరి పేరే పెట్టారు. ఉత్తర అమెరికాలోని అతిపెద్ద వాయు క్షేత్రాల్లో హ్యూగోటన్ ఒకటి. ఆ వాయువులోంచి హీలియం కూడా తీశారు. 1930లలో దుమ్ము తుపానులు పొలాలను పాడుచేసినప్పుడు కౌంటీకి దన్నుగా నిలిచింది ఈ వాయువే. ఆ తర్వాత ఓగలాలా భూగర్భ జలాలతో సేద్యం పెరిగింది. 2014లో మొక్కజొన్న చొప్ప నుంచి ఇథనాల్ తీసే పెద్ద కర్మాగారం తెరిచి, మరుసటి ఏడాదే మూసేశారు.

వుడ్స్‌డేల్ పేరుతో ఇప్పుడు ఊరంటూ లేదు. అక్కడ పొలాలున్నాయి. వాటి పన్ను హ్యూగోటన్ కోర్టు భవనంలోనే కడతారు.