ఆందోళన రుగ్మతలు: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

కారణం లేకుండానో, కారణానికి మించో పుట్టిన భయం నెలల తరబడి వదలక తిండి, నిద్ర, చదువు, పని అన్నిటినీ చెడగొడితే దాన్ని ఆందోళన రుగ్మత అంటారు. పరీక్షకు ముందురోజు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. పరీక్షలయిపోయి నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే ఆలోచించాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 30 కోట్ల 10 లక్షల మంది ఈ రుగ్మతలతో ఉన్నారు. మానసిక జబ్బుల్లో ఎక్కువమందికి వచ్చేది ఇదే. వైద్యం అందుతున్నది మాత్రం నలుగురిలో సుమారు ఒకరికి.

తిరుపతి, చిత్తూరు వైపు ఈ జబ్బు తన పేరుతో ఆసుపత్రికి రావడం తక్కువ. గుండెదడ, గాబరా, గ్యాసు, నరాల బలహీనత, బెదురు అనే పేర్లతో వస్తుంది. ఈసీజీ తీసి “గుండెకేమీ లేదు పోమ్మా” అని పంపేస్తారు. ఇంటికొస్తే “ఏమీ లేదన్నారు గదా, ఊరికే దేనికి బయపడతావు?” అంటారు. రోగిని బాగా కుంగదీసే మాట ఇదే. గుండెలో లోపం లేకపోవచ్చు, దడ మాత్రం నిజం. ఎదురుగా పాము కనబడితే మెదడు ఇచ్చే సంకేతంతో ఒంట్లోకి అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఎగబోస్తుంది, చేతులు చెమటలు పడతాయి. ఆందోళన రుగ్మతలో పాము లేకుండానే ఇదంతా జరుగుతుంది.

అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లెక్కి తిరుమల చేరేవారికీ దడ పుడుతుంది. ఎక్కుతున్నాం కాబట్టి అని సరిపెట్టుకుంటారు, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. అదే దడ ఇంట్లో మంచం మీద ఉన్నట్టుండి వస్తే, ప్రాణం పోతోందన్న భయం కలుగుతుంది. ఆ భయం దడను ఇంకా పెంచుతుంది. నిమిషాల్లోనే తారస్థాయికి చేరే ఈ స్థితి పానిక్ అటాక్. మళ్లీ వస్తుందేమోనన్న బెంగతో బతుకే మారిపోతే అది పానిక్ రుగ్మత. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో, దర్శనం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులో చిక్కుకుంటే బయటపడలేమని అలాంటి చోట్లకు వెళ్లడం మానేసేవారు మరో రకం. నలుగురిలో నోరు విప్పలేకపోవడం, అన్నిటికీ ఎడతెగని దిగులు, పిల్లలకు బడి వేళకే వచ్చే కడుపునొప్పి కూడా ఈ కుటుంబానివి కావచ్చు.

అయితే ప్రతి దడా ఆందోళన కాదు. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చల్లని చెమటలు ఉంటే ముందు గుండెజబ్బుగానే భావించి 108కి ఫోన్ చేయాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా దడ వస్తుంది కనుక ఆ పరీక్షలూ అవసరమే.

వైద్యంలో మాటకు, మందుకు సమానమైన విలువ ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో భయాన్ని తప్పించుకోకుండా మెట్టుమెట్టుగా ఎదుర్కోవడం నేర్పుతారు. గుంపంటే భయపడే మనిషి మొదట జనం పలచగా ఉన్న వేళ గోవిందరాజస్వామి గుడి దాకా వెళ్లి కాసేపు నిలబడతాడు. మరో వారం రద్దీ వేళ. ఆ తర్వాతే కొండ. దడంటే భయపడేవారి చేత కావాలనే మెట్లెక్కించి, దడ ప్రాణం తీయదని ఒంటికే తెలిసేలా చేస్తారు.

మందుల్లో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ముందు వరుసవి. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, గాబరా కొంచెం పెరగవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు, అది పొరపాటు. ఆల్‌ప్రజోలమ్ గంటలోపే నెమ్మది ఇస్తుంది, అలవాటూ త్వరగానే పడుతుంది. పాత చీటీతో మందుల షాపులో దాన్ని నెలల తరబడి కొనడం ప్రమాదం, ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్నవారినీ, కొండకు మొక్కుకున్నవారినీ తప్పుపట్టనక్కర్లేదు. దానికోసం వైద్యాన్ని వాయిదా వేయకూడదు, అంతే.

తిరుపతిలో 1960లో స్థాపించిన శ్రీవెంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపువారికి రాయవేలూరు దగ్గర. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కళాశాల మానసిక వైద్య కేంద్రం బాగాయంలో 1957 నుంచీ ఉంది. రోగితో పాటు ఇంటివారినీ ఉంచుకుని వైద్యం చేయడంలో దానికి పేరుంది. మదనపల్లె నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్లేవారూ ఉన్నారు.

ఊళ్లో తెలిసిపోతుందనీ, సంబంధాలు తప్పిపోతాయనీ వెనకాడేవారే ఎక్కువ. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. ఒంటి జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలంటుంది. కరెంటు షాకు ఇస్తారన్న భయమూ ఉంది. ఆందోళన రుగ్మతలకు ఆ చికిత్స చేయరు.

గడప దాటలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట్లో ఈసీజీ బాగున్నా దడ తగ్గనివారు ఉంటే ఈ నంబరు వారికి రాసివ్వండి. మొదటిసారి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి.