సెల్లర్స్ పర్మిట్ రద్దయితే కోర్టుకు వెళ్ళవచ్చా?

కాలిఫోర్నియాలో కిరాణా కొట్టో, చీరల దుకాణమో, టిఫిన్ సెంటరో నడుపుతున్న మనవాళ్ళందరికీ సెల్లర్స్ పర్మిట్ తెలిసిందే. రిటర్నులు వేయకపోయినా, సేల్స్ టాక్స్ బకాయి పడినా రాష్ట్రం దీన్ని రద్దు చేయగలదు. ఈ అధికారం 2017 జూన్ వరకు బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌ది, ఆ తర్వాత సీడీటీఎఫ్ఏ అనే శాఖది. రద్దయ్యాక కూడా అమ్మకాలు సాగిస్తే అది నేరం.

ఇండియాలో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ రద్దయితే హైకోర్టులో రిట్ వేస్తారు. ఇక్కడా అంతే అనుకుని లాయరు దగ్గరకు పరుగెడితే నిరాశే. రాష్ట్ర రాజ్యాంగం 13వ అధికరణం 32వ సెక్షన్ ప్రకారం పన్ను వసూలును ఆపుతూ కోర్టులు ఉత్తర్వు ఇవ్వకూడదు. ముందు కట్టాలి, ఆ తర్వాతే వాపసు కోసం దావా వేయాలి. 1985లో ఓహారా అండ్ కెండాల్ ఏవియేషన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. ఫెడరల్ కోర్టుకు పోదామన్నా 1937 నాటి టాక్స్ ఇంజంక్షన్ చట్టం అడ్డం. బకాయి ఉన్న చిన్న వ్యాపారికి ఇది కఠినమైన నియమమే. కట్టడానికి డబ్బు లేకే కదా గొడవంతా!

అందుకే అసలు పోరాటం కోర్టుకు ముందే జరగాలి. రద్దు చేసేముందు శాఖ 10 రోజుల గడువుతో నోటీసిచ్చి, ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకోమని హియరింగ్ జరపాలి. నోటీసు పోస్టులో పంపినా చెల్లుతుంది. కొట్టు మారి, అడ్రసు మార్పించకుండా సంక్రాంతికి ఊరెళ్ళినవారికి ఆ 10 రోజులూ తెలియకుండానే గడిచిపోతాయి. హియరింగుకు తప్పక వెళ్ళండి. మిగిలిన రిటర్నులు వేసి, వాయిదాల్లో కడతామని అడగండి.

పన్ను లెక్కే తప్పనుకుంటే డిటర్మినేషన్ నోటీసు వచ్చిన తేదీ నుంచి కాదు, పంపిన తేదీ నుంచి 30 రోజుల్లో పునర్నిర్ణయానికి పిటిషన్ వేయాలి. అక్కడ ఓడితే ఆఫీస్ ఆఫ్ టాక్స్ అప్పీల్స్ ఉంది. 2018లో పని మొదలుపెట్టిన ఈ సంస్థ దగ్గరకు వెళ్ళడానికి ముందుగా పన్ను కట్టనక్కర్లేదు. మనవాళ్ళు ఎక్కువగా వదులుకునే అవకాశం ఇదే.

అక్కడా కాకపోతే పన్ను మొత్తం కట్టి రిఫండ్ క్లెయిమ్ పెట్టాలి. శాఖ దాన్ని తిరస్కరిస్తే, ఆ నోటీసు పంపిన 90 రోజుల్లో దావా వేయాలి. 6 నెలలైనా జవాబు రాకపోతే తిరస్కరించినట్టే భావించి కోర్టుకు వెళ్ళవచ్చు. క్లెయిమ్‌లో రాయని కారణాన్ని కోర్టులో కొత్తగా లేవనెత్తనివ్వరు కనుక ఆ కాగితం రాసేటప్పుడే లాయరుకు చూపించండి.